ఫుల్లర గంపలోని మాంసము

వేటమాంసపు వంటలను గూర్చి తెలిసికొనగోరువాడు నేడు వంటయింటికి గాక గ్రంథాలయమునకు పోవలసియున్నది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991లో చేసిన సవరణతో వినోదవేటకు మిగిలియున్న సందు కూడ మూతపడినది. జింకమాంసమును మెత్తబరచుట, అడవిపందికి తగిన మసాలా కూర్చుట, ఉల్లంకి పిట్టను కాల్చుట మున్నగు విద్యలు చట్టమునకు లోబడిన కుటుంబములలో రెండు తరముల క్రిందటనే ఆగిపోయినవి. అవి నిలిచియున్నది కావ్యములలోను, వైద్య పాకశాస్త్ర గ్రంథములలోను, పక్షులను పరిశీలించిన విద్వాంసుల వ్రాతలలోను. ఈ మూడు తెగల వ్రాతలును సమృద్ధిగ లభించు నగరము కలకత్తా. 2001 నుండి దాని అధికారనామము కోల్‌కతా. పాతసంగతులకు పాతపేరే యొప్పును.

ఈ వ్రాతలను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో ఒక విశేషము గోచరించును. మాంసము మారకున్నను తినువాడు మారినపుడెల్ల దాని గౌరవము మారుచుండెను. రాజునకు వినోదముగను, దొరకు షికారుగను, వైద్యునకు పథ్యముగను కనబడినదే బోయవానికి నాటి కూడుగ నుండెను. వంగసాహిత్యము ఈ నాలుగవవాని కథను మరువలేదు. దానిని తెనుగు చేయబూనువారికి ఆ కథయే అన్నిటికన్న కష్టమైనది.

మొదట అంగడి సంగతి. 1874 జనవరి 1వ తేదీన కలకత్తాలో క్రొత్త మునిసిపల్ బజారు తెరువబడినది. దానికి సర్ స్టూవర్ట్ హాగ్ పేరు 1903లో పెట్టిరి గాని జనుల నోట అది నేటికిని న్యూ మార్కెట్టే. రెండేండ్లకు, 1876లో, ఆలీపూరునందు జంతుప్రదర్శనశాల వెలసినది. తినుటకొక పంజరము, చూచుటకొక పంజరము! అయినను బజారులోని పక్షుల వరుస చాలకాలము రెండు పనులను చేసెను. చలికాలమున ఉత్తరపు దేశములనుండి వంగదేశపు బీలలకు దిగివచ్చు బాతులను, ఉల్లంకి పిట్టలను వలలవారు పట్టి గంపలతో నగరమునకు తెచ్చువారు. బేరమాడు ఖాన్సామాల నడుమ ఒక్కొక్కనాడు పక్షిశాస్త్రజ్ఞులు కూడ నిలిచియుండిరి. 1841 మొదలు 1862 వరకు ఆసియాటిక్ సొసైటీ వారి ప్రదర్శనశాలను చూచిన ఎడ్వర్డ్ బ్లైత్ తన సంగ్రహమునకు కావలసిన పక్షులను పలుమారు కలకత్తా బజారులలోనే వెదకుకొనెను. 1890ల దశకమున ఇండియన్ మ్యూజియములో పనిచేసిన ఫ్రాంక్ ఫిన్ కూడ అంతే. భారతదేశపు బాతులను గుర్తించు విధమును గూర్చి 1901లో అతడు వెలువరించిన పుస్తకమునకు కావలసిన అనుభవములో పెద్దభాగము ఈ అంగడిలో సంపాదించినదే. వంటవాడు బాతును బరువు చూచి కొనును. ఫిన్ ఈకలు చూచి కొనెను.

ఆ అంగటికి వచ్చిన పక్షులలో గులాబిరంగు తలబాతు ఒకటి. మగపక్షి తలయు మెడయు గులాబివన్నె, తక్కిన శరీరము ముదురు గోధుమవన్నె. ఎత్తైన గడ్డి పెరిగిన పల్లపు నేలలలో, జనసంచారము లేని మడుగులలో అది నివసించెడిది. ఎన్నడును విరివిగ దొరకిన పక్షి కాదు. అయినను ఏ చలికాలమునందో ఇతర బాతులతో పాటు కాళ్ళు కట్టబడి కలకత్తా బజారునకు వచ్చెడిది. విద్వాంసులు సాధారణముగ అంగీకరించిన దాని కడపటి దర్శనము 1935లో, బీహారులోని దర్భంగా ప్రాంతమున. అటుపిమ్మట దానిని చూచితిమన్నవారు కలరు గాని తిరుగులేని సాక్ష్యము లభింపలేదు. గడ్డినేలలు సాగులోనికి వచ్చుట, తుపాకులు పెరుగుట రెండును దాని నాశనమునకు కారణములని చెప్పుదురు. చట్టము ఎందుకు వచ్చినదని యడుగువారికి ఈ బాతు చరిత్ర యొక్కటి చాలును.

దొరల బల్లపై ఉల్లంకి పిట్టకు ప్రత్యేకమైన మర్యాద యుండెను. దానిని ఈకలు పెరికి, ప్రేవులు తీయకయే కాల్చి, కాల్చిన రొట్టెముక్కపై నుంచుదురు. కాగుచుండగా కారిన రసము రొట్టెలో నింకవలెను. ఐరోపాలో పెద్ద వేటమాంసమును కొన్ని దినములు చల్లనిచోట వ్రేలాడదీసి మెత్తబరచుట ఆచారము. వంగదేశపు ఉక్కలో ఆ పద్ధతి నడువదు. పౌషమాఘములు దాటినచో మాంసము తెల్లవారునప్పటికి కంపు కొట్టును. అందుచేత ఇక్కడి వంటవారు కాలమునకు బదులు పులుపును వాడిరి. అడవిజంతువు నిరంతరము పరుగెత్తునది. దాని కండ గట్టిది, క్రొవ్వు తక్కువ. పెరుగులో నాననిచ్చుటయు, పచ్చిబొప్పాయి నూరి పట్టించుటయు, ఆవనూనె ధారాళముగ పోయుటయు ఈ రెండు లోపములకు విరుగుడు.

ఆ వినోదము దొరలతోనే నిలువలేదు. కలకత్తా బారిష్టరు కుముదనాథ చౌధురి, సుప్రసిద్ధ రచయిత ప్రమథ చౌధురికి సోదరుడు, బీలలలోను అడవులలోను తన వేటలను గూర్చి గ్రంథము వ్రాసి, చివరకు ఒడిశాలోని కాలాహండి అడవిలో పులివాత పడెను. నగరమునకు తూర్పున నున్న ఉప్పుబీలలు ఆనాటి వేటగాండ్రకు దాపున నున్న పక్షుల నెలవు. 1962 మొదలు వానిని హుగ్లీనది ఇసుకతో పూడ్చి క్రొత్తపట్టణము కట్టిరి, అదియే విధాననగరము. దానికావల మిగిలిన తూర్పు కలకత్తా చిత్తడినేలలకు 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గుర్తింపు లభించినది.

ఇదంతయు తుపాకి పట్టినవాని కథ. విల్లు పట్టినవాని కథకు మూడువందల యేండ్లు వెనుకకు పోవలెను. పదునారవ శతాబ్ది చివర, దామున్యా గ్రామమును విడిచి మేదినీపుర ప్రాంతమున ఆశ్రయము పొందిన కవికంకణ ముకుందరామ చక్రవర్తి రచించిన చండీమంగళములో మొదటి భాగమునకు నాయకుడు కాలకేతువను బోయ. అతడు శాపవశమున భూమిపై పుట్టిన ఇంద్రకుమారుడు. కాని శాపముమాట ప్రక్కకు పెట్టినచో కావ్యములో కనబడునది నిరుపేద సంసారము. కాలకేతువు అడవికి పోయి కొట్టితెచ్చును. భార్య ఫుల్లర ఆ మాంసమును గంపలో నెత్తికెత్తుకొని వీధులలో అమ్ముకొనవలెను. ఈ పనుల పంపకమును కవి యెంత శ్రద్ధగ చూపెనో గమనింపదగినది. విల్లెక్కుపెట్టుట యొక ఘడియ పని. అమ్ముట దినమంతయు పట్టు పని. అమ్ముడుపోని మాంసము మరునాటికి పనికిరాదు.

కాలకేతువు భోజనమును ముకుందరాముడు అతిశయోక్తితో వర్ణించెను. అయితే అతని ముందున్నవేవి? నూకలజావ, సొరకాయ వేసిన పప్పు, కాల్చిన దుంపలు, ఆకుకూర. ఆడులేడి నొకదానిని ఇచ్చి బదులుగ తెచ్చిన కుండెడు పెరుగు ఆ పూట విందు. వేటగానికి మాంసము తినుబండారము గాక మారకపుసరకైనదని కవి వేరుగ చెప్పలేదు. ఆ పెరుగుకుండ చెప్పుచున్నది.

ఒకనాడు వేట దొరకదు. అడవిలోని మృగములన్నియు చండీదేవితో మొరపెట్టుకొనుటచే దేవి వానిని దాచివేసి, తాను బంగారువన్నె ఉడుమై దారిలో పండుకొనెను. కాలకేతువు ఆ ఉడుమును వింటికి కట్టి, వేరేమియు దొరకనిచో దీనినే కాల్చుకొందమని యింటికి తెచ్చును. పొయ్యిలోనికి నూకలు లేక ఫుల్లర నేస్తురాలి యింటికి అప్పునకు పోవును. ఆమె తిరిగివచ్చునప్పటికి ఉడుము స్థానమున ఒక సుందరి! సవతి వచ్చినదని భయపడి, ఆమెను సాగనంపుటకు ఫుల్లర తన పన్నెండు నెలల కష్టములను ఏకరువు పెట్టును. వంగసాహిత్యమున ‘బారమాస్యా’ యను ప్రక్రియ విరహిణుల సొత్తు. ముకుందరాముడు దానిని మాంసము నమ్ముకొనుదాని జమాఖర్చుగా మార్చెను. వైశాఖమున జనులు మాంసము ముట్టరు, గంప దిగదు. ఆశ్వినమున ప్రతి యింటను అంబికపూజ. బలియిచ్చిన మేకమాంసము ఊరంతటికిని ప్రసాదముగ లభించుచుండగా వీధిలోని మాంసమును కొనువాడెవ్వడు? దేవి పండుగయే దేవి భక్తురాలికి పస్తు. దేవి ఎదుటనే, ఆమె దేవియని తెలియకయే, ఫుల్లర ఈ మాట చెప్పుకొనుటలోని వక్రోక్తి చదువరులను ఏనాడును కదలింపక మానదు.

ఆ ప్రసాదపు వంట నేటికిని కలకత్తాలో జీవించియున్నది. ఉల్లి వెల్లుల్లి లేక, అల్లము, జీలకఱ్ఱ, ఇంగువలతో వండిన బలిమాంసమును ‘నిరామిష మాంసము’ అందురు. తెలుగు చెవికి ఇది వింతమాట. వంగదేశపు గృహిణికి కాదు. శ్రీహర్షుని నైషధమున దమయంతి పెండ్లివిందులో మాంసము కాని వంటలు మాంసమువలెను, మాంసపు వంటలు శాకములవలెను కనుపించి పెండ్లివారిని భ్రమపెట్టినవి. అక్కడ అది సూదుని చమత్కారము, ఇక్కడ ఆచారము.

దేవి ఉడుము రూపమునే ఏల ధరించెనను ప్రశ్నకు శాస్త్రము కొంత సమాధానము చెప్పును. ఐదు గోళ్ళ జంతువులలో తినదగినవని ధర్మశాస్త్రములు అనుమతించిన కొద్దిపాటి ప్రాణులలో ఉడుము, తాబేలు, కుందేలు, ఏదుపంది కలవు; రామాయణమున వాలి రాముని నిందించుచు ఈ పంచనఖముల పట్టికనే యెత్తిచూపును. చరకసంహిత మృగములలో ఏణమును, పక్షులలో పూరేడును, బొరియలలో నుండువానిలో ఉడుమును శ్రేష్ఠముగ లెక్కించినది. చరకమునకు పదునొకండవ శతాబ్దిలో ప్రసిద్ధవ్యాఖ్య వ్రాసిన చక్రపాణిదత్తుడు వంగీయుడు. బ్రాహ్మణుడు మత్స్యమాంసములు తినవచ్చునని ప్రాయశ్చిత్త ప్రకరణమున వాదించిన భవదేవభట్టు కూడ వంగీయుడే. కాబట్టి కాలకేతువు వింటికి కట్టుకొన్న ఉడుము నీచమైన తిండి కాదు; ధర్మశాస్త్రమును వైద్యమును అంగీకరించిన ఆహారము. దానిని నీచమనిపించినది తినువాని కులము.

ఈ మాటకు దక్షిణాపథమునుండి మరింత స్పష్టమైన తార్కాణము లభించును. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు (పాలనకాలము 1126–1138) తన మానసోల్లాసమున రాజభోజనమునకు తగిన వంటలలో పొలపు టెలుకను చేర్చెను. మరుగునూనెలో ముంచి వెండ్రుకలు పోగొట్టి, వేడినీట కడిగి, లోపలి భాగములు తీసి వండుట ఒక విధము. ఇనుపచువ్వకు గ్రుచ్చి నిప్పులపై కాల్చి, ఉప్పు, జీలకఱ్ఱ, శొంఠిపొడి చల్లుట మరియొకటి. తాబేటిని కాల్చు విధానము కూడ అందు కలదు. నెల్లూరు సీమ యానాదులు వరికోతల పిమ్మట పొలముగట్లు త్రవ్వి యెలుకలను పట్టి, వాని కన్నములలో దాచిన ధాన్యమును కూడ తెచ్చుకొని తినుట తెలుగువారెరిగినదే. చక్రవర్తి పళ్ళెములోనిది యానాది మట్టిచట్టిలోనిది ఒకే యెలుక. మానసోల్లాసమును చదివి ముక్కుమీద వ్రేలు వేసికొనినవారు లేరు. యానాదిని చూచి ముక్కు మూసికొన్నవారు అనేకులు.

తెలుగు కవులలో ఈ వంటను ప్రేమతో చూచినవాడు ధూర్జటి. శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నడు మాంసమును కాల్చి, నమిలి రుచి చూచి, మేలైన ముక్కలను దొప్పలో నుంచి శివునికి తెచ్చును. ముకుందరామునికన్న కొన్ని దశాబ్దుల ముందటివాడైన ధూర్జటియు దేవతను బోయవాని వంటకే రప్పించెను. ఇరువురి కావ్యములలోను దేవతకు అభ్యంతరము లేదు, పూజారులకును వణిజులకును కలదు. తిన్నని కథను ధూర్జటికి పూర్వమే చెప్పిన పాల్కురికి సోమనాథుడు అతనిని ఉడుమూరి కన్నప్ప యనెను. ఆ యూరి పేరులో కూడ ఉడుము తొంగిచూచుచున్నట్లుండును. చండీమంగళములోని వణిజుడు మురారిశీలుడు కాలకేతువు గొంతు వినగానే యింటిలో దాగుకొనును. కారణము, బోయవానికి తాను కొద్ది గవ్వల మాంసపు బాకీ పడియుండుట! ఊరి షావుకారు ఇంట లేడిమాంసము ఉడికినదనియు, దాని సొమ్ము చెల్లలేదనియు ఈ యొక్క సన్నివేశము తెలుపును.

కావ్యము ముగింపు మరింత ఆలోచింపదగినది. దేవి యిచ్చిన ధనముతో కాలకేతువు అడవిని నరికించి గుజరాటు అను నగరమును కట్టి రాజగును. బోయవాడు రాజగుటకు అడవి పోవలసివచ్చినది. 1939లో గ్రంథరూపమున వెలువడిన విభూతిభూషణుని ‘ఆరణ్యక్’ నందును ఈ వ్యథయే వేరొక రూపమున కలదు. సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా దానిని తెలుగువారి కందించెను. అందులోని టాఁడ్‌బారో అడవియెనుములను వేటగాండ్ర బారినుండి కాపాడు దేవుడు.

కాలకేతువు వారసులు రాజులు కాలేదు. శబరులను, లోధాలను బ్రిటిషు ప్రభుత్వము 1871లో మొదలైన చట్టపు పరంపర క్రింద పుట్టుకతో నేరస్థులుగ ముద్రవేసినది. ఆ ముద్ర 1952లో తొలగింపబడినది. పురూలియా ఖేడియా శబరులతో చిరకాలము పనిచేసిన మహాశ్వేతాదేవి 1994లో ‘వ్యాధఖండ’ నవలను వ్రాసి, ముకుందరాముని కాలకేతువును మరల శబరుల ముంగిట నిలిపినది. కవి శబరులను చూచి వ్రాసెను, శబరులు కవిని చూచి యేమనుకొనిరి? ఆ నవల వేసిన ప్రశ్న యిది.

చట్టమునకు ఇందులో సులభమైన స్థానము లేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవి జనుల కెన్నో హక్కులిచ్చి, వేటాడు సాంప్రదాయిక హక్కును మాత్రము పేరు చెప్పి మినహాయించినది. 2018 ఏప్రిలులో లాల్‌గఢ్ అడవికి దారితప్పి వచ్చిన పెద్దపులి వేటపండుగ దినములలో చంపబడినది. మరుసటి యేడు కలకత్తా హైకోర్టు పండుగ పేర వన్యప్రాణులను చంపుటను ఆపవలెనని ఆజ్ఞాపించెను. అహోబిలపు పారువేటలో నరసింహస్వామి పల్లకిలో ఊరూర తిరుగునే కాని ప్రాణి చావదు. కాని పారువేటను చూపి సంతాలునకు నీతి చెప్పుట న్యాయము కాదు. స్వామికి నైవేద్యము కొండదిగువనుండి వచ్చును, సంతాలు సాలాకులో చుట్టి కాల్చుకొను బియ్యపుపిండి మాంసపు పిట్టునకు మాంసము అడవినుండియే రావలసియుండెను. ఇక నగరవాసి మాట. మనసామంగళ కావ్యములలోని విందులందు తాబేటికి చోటు కలదు. కలకత్తా మధ్యతరగతి యిండ్లలోను అది ఆదివారపు కూరయై యుండెను. 1970ల దశకమున ఒడిశా తీరమునుండి సముద్రపు తాబేళ్ళు వేలకొలది ఈ నగరపు అంగళ్ళకు చేరినవి. ఆ తాబేళ్ళను పట్టినది పేదవాడే కావచ్చును. నగరపు నాలుక పిలువనిదే అవి రైలెక్కలేదు.

ఈ గ్రంథములను తెనుగు చేయువారికి మొదటి కష్టము పేర్లతోనే. వంగభాషలో ఉడుమును ‘గోసాప్’ అందురు. సాప్ అనగా పామని తెలిసినవాడు దానిని పామును చేసివేయును. ‘బనరూయి’ని మాటకు మాటగ తీసికొన్నచో అడవి రోహితమత్స్యము, ఒంటిమీది పొలుసులను బట్టి వచ్చిన పేరది, నిజమునకు అది మన అలుగు. ‘శజారు’ ఏదుపంది, ‘కాదాఖోంచా’ బురదను పొడుచు ఉల్లంకి. నిఘంటువులో ఉల్లంకి, కణుజు, కౌజు, అలుగు అను మాటలు నేటికి కలవు గాని, వానిని విని రూపము తలచుకొనగలవారు పట్టణములలో తక్కువ. అందుచేత అనువాదకుడు తొందరలో అన్నిటికిని ‘అడవిజంతువు’, ‘పిట్ట’, ‘మాంసము’ అని వ్రాసి ముందుకు పోవుచున్నాడు. ఫుల్లర గంపలో ఏ జంతువు మాంసమున్నదో, అది ఏ నెలలో అమ్ముడుపోదో చెప్పనిచో ఆమె దుఃఖము సామాన్య దారిద్ర్యవర్ణనగా మారిపోవును. పేరు తప్పినచో కాలకేతువు కట్టితెచ్చినది దేవి కాదు, ఏదో యొక పురుగు.

నేడు చట్టసమ్మతముగ కలకత్తా వాడు కొనగల వింతమాంసములు పెంపకపువే: జపాను పూరేడు, బాతు, టర్కీకోడి. వంగరాష్ట్ర ప్రభుత్వపు పశుసంవర్ధక సంస్థయే వానిని తన దుకాణములలో అమ్ముచున్నది. ఆ దుకాణములకు నదియా జిల్లాలోని ప్రభుత్వక్షేత్రమును బట్టి ‘హరిణ్‌ఘాటా’ అని పేరు వచ్చినది. వంగభాషలో హరిణ్ అనగా లేడి. అక్కడ దొరకని మాంసము అదియే.